భద్రతాధికారి దరఖాస్తులో భాషల గడి

మన సంఘ కార్యాలయమునకు సాయంకాల వేళలందు వచ్చి, తమ ఉద్యోగపు దరఖాస్తులను మాకు చూపి, తప్పులుండిన దిద్దించుకొని పోవు యువకుల సంఖ్య ఇటీవల హెచ్చుచున్నది. వెనుకటి తరమువారు రైల్వే గుమాస్తా పనికో, బడిపంతులు పనికో దరఖాస్తులు వ్రాయించుకొనుటకు వచ్చెడివారు. ఇప్పటివారిలో కొందరు కార్ఖానాలలో సేఫ్టీ ఆఫీసరు, అనగా భద్రతాధికారి, పదవికై రెజ్యూమెలు తెచ్చుచున్నారు. ఇది మాకు సంతోషము కలిగించు మార్పు. ఉదయమున పనికి పోయిన మనిషి సాయంకాలము కాలుసేతులు కుదురుగా ఇల్లు చేరునట్లు చూచు పని గౌరవప్రదమైనది. అయినను ఆ కాగితములను చదివినప్పుడు మాకు సంతోషముతో పాటు విచారమును కలుగుచున్నది. ఆ విచారమునకు కారణమేమో, దానిని పోగొట్టుకొను మార్గమేమో మన కుటుంబముల యెదుట ఉంచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

క్రిందటి నెలలో హోసూరు ప్రాంతపు యువకుడొకడు మా యొద్దకు వచ్చెను. అతని పూర్వులు ఐదు తరములనాడే అచ్చట స్థిరపడినవారు. ఇంట తెలుగు, బడిలో తమిళము, సంతలో కన్నడము అతనికి చిన్ననాటినుండి అలవడినవి. మెకానికల్ డిప్లొమా ముగించి, ఆరు సంవత్సరములు ఒక కార్ఖానాలో సూపర్‌వైజరుగా నుండి, పిమ్మట చెన్నపట్టణమున ఒక సంవత్సరపు భద్రతా డిప్లొమాను పూర్తిచేసెను. అతడు తెచ్చిన రెజ్యూమె ఐదు పుటలున్నది. మొదటి అరపుట అతని జీవితాశయమును గూర్చిన పెద్ద పెద్ద మాటలు. పిమ్మట అతడు కూర్చున్న శిక్షణ తరగతుల జాబితా. తరువాత రెండు పుటలనిండ భద్రతా సంస్కృతిని పెంపొందించుట, ఉన్నత ప్రమాణములను నెలకొల్పుట అను మాటలే. చిట్టచివర, క్రికెట్టు ఆడుట, సంగీతము వినుట అను అభిరుచుల ప్రక్కన, ఒక పంక్తిలో ఐదు భాషల పేర్లు. అంతే.

మేము కాగితమును ప్రక్కన బెట్టి, "నాయనా, ఈ ఆరు సంవత్సరములలో నీ చేతిమీదుగా తప్పిన అపాయము ఒక్కటి చెప్పుము" అని యడిగితిమి. అతడు కొంచెము తటపటాయించి ఒక సంగతి చెప్పెను. కార్ఖానాలో మురుగునీటిని శుద్ధిచేయు తొట్టెను కడుగుటకు కాంట్రాక్టరు నలుగురు కూలీలను తెచ్చెనట. వారు శ్రీకాకుళము జిల్లానుండి వచ్చినవారు. తమిళము తెలియదు. ఫోర్‌మన్ చెప్పిన ప్రతి మాటకును తల యూపుచుండిరట. మనవాడు తెలుగున పలుకరింపగా వారిలో ఒకడు, తాను క్రిందటిదినము తొట్టెలో దిగినప్పుడు కండ్లు తిరిగినవనియు, చెప్పినయెడల కూలి పోవునేమోయని ఊరకుంటిననియు బయటపెట్టెనట. మనవాడు వెంటనే పని నిలిపించి, తొట్టెలోని గాలిని మీటరుతో కొలిపించి, ఫ్యానుతో మంచిగాలి పంపించిన తరువాతనే, పైన కాపలామనిషిని నిలిపి, నడుమునకు త్రాడు కట్టించి మనుష్యులను దింపించెనట.

ఈ సంగతి యెంత పెద్దదో ఆ పని ఎరిగినవారికి తెలియును. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతముండును. అది 19.5 శాతమునకు తగ్గినచోట మనిషిని దింపరాదని కార్ఖానాలలో పాటించు నియమము. బురద కుళ్ళినచోట హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు చేరును. మొదట కుళ్ళిన గ్రుడ్ల వాసన వచ్చును గాని, వాయువు హెచ్చినకొలది ముక్కు మొద్దుబారి ఆ వాసనయే తెలియకుండ పోవును. ఒకడు లోపల కూలిపోవును, వానిని పైకి తీయబోయి దిగిన రెండవవాడును కూలిపోవును. ఇట్టి తొట్టెలలో ఒకేమారు ఇద్దరు ముగ్గురు చనిపోయినట్లు పత్రికలలో మాటిమాటికి చదువుచుండుట ఇందువలననే. "ఇంత పని చేసినవాడవు, దీనిని రెజ్యూమెలో ఏల వ్రాయలేదు?" అని మేమడుగగా అతడు, "దానికి సర్టిఫికెట్ ఏమీ లేదు కదండీ" అనెను.

మా విచారమునకు కారణమిదే. సర్టిఫికెటు ఉన్న ప్రతి చిన్న సంగతియు ఆ కాగితము మీదికెక్కినది. నలుగురి ప్రాణములకు సంబంధించిన సంగతి ఎక్కలేదు. ఆ నలుగురిని కాపాడిన తెలుగుమాటయు అభిరుచుల ప్రక్కన అణగియుండిపోయినది.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు 1976లో చేసిన సవరణతో 40-బి సెక్షను చేరినది. 1000 మంది, లేక అంతకు మించి పనివారున్న కార్ఖానాలలోను, పని అపాయకరమైనదని రాష్ట్ర ప్రభుత్వము తలచిన కార్ఖానాలలోను సేఫ్టీ ఆఫీసర్లను నియమింపవలెనని అది విధించినది. 1984 డిసెంబరులో జరిగిన భోపాలు విషవాయు దుర్ఘటన తరువాత, 1987లో మరియొక సవరణ వచ్చినది. అపాయకరమైన ప్రక్రియలు జరుగుచోట ఆ అపాయములేవో పనివారికి తెలియజేయుట యజమాని విధియని అందు చెప్పబడెను. ఇప్పుడు ఆ పాత చట్టము స్థానమున వృత్తిభద్రత, ఆరోగ్యము, పని పరిస్థితులను గూర్చిన 2020 నాటి స్మృతి వచ్చినది. అది 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనున్నది. దాని ప్రకారము 500 మంది, లేక అంతకు మించి పనివారున్న కార్ఖానాలలోను, అపాయకరమైన ప్రక్రియ యున్నచో 250 మందికే, నిర్మాణపు పనులలో 250 మందికి, గనులలో 100 మందికి భద్రతాధికారిని నియమింపవలెను. అనగా ఈ పదవులు హెచ్చనున్నవే గాని తగ్గవు.

ఆ పదవికి కావలసిన యోగ్యతలను పాత చట్టము క్రింద రాష్ట్రములు చేసికొన్న నియమావళులు మూడు విధములుగా చెప్పుచు వచ్చినవి. ఒకటి, ఇంజనీరింగు డిగ్రీ గాని డిప్లొమా గాని, దానితో పాటు కార్ఖానాలో పర్యవేక్షకుడుగా కొన్ని సంవత్సరముల అనుభవము. రెండు, రాష్ట్ర ప్రభుత్వము గుర్తించిన పారిశ్రామిక భద్రతా డిగ్రీ లేక డిప్లొమా. మూడు, ఆ ప్రాంతపు పనివారిలో అధికసంఖ్యాకులు మాటలాడు భాషయందు తగినంత పరిజ్ఞానము. ఈ మూడవదానిని మన యువకులలో అనేకులు ఎరుగనే ఎరుగరు. భాష ఇచ్చట అలంకారము కాదు, అభిరుచి కాదు. డిప్లొమాతో సమానముగా నిలువబెట్టి చెప్పిన యోగ్యత. క్రొత్త స్మృతి క్రింద తమ రాష్ట్రపు నిబంధనలు ఏ రూపు దాల్చినవో దరఖాస్తు పంపుటకు ముందు ప్రతివారును చూచుకొనవలెను. నిబంధన ఎట్లున్నను ఆ పని స్వభావము మారదు. పనివానికి అర్థము కాని హెచ్చరిక హెచ్చరిక కాదు.

కావున రెజ్యూమె ఎట్లు వ్రాయవలెనో మాకు తోచిన రీతిని చెప్పుచున్నాము. పది సంవత్సరములలోపు అనుభవమున్నవారికి రెండు పుటలు చాలును. జీవితాశయపు వాక్యములను తీసివేయవలెను. మొదట చట్టము అడుగు యోగ్యతలను ఒకదాని క్రింద ఒకటిగా వ్రాయవలెను. ఏ డిప్లొమా, ఏ బోర్డు, ఏ సంవత్సరము. ఎన్ని సంవత్సరములు ఎంతమందిపై పర్యవేక్షణము. భద్రతా డిప్లొమా ఎచ్చట. ముంబైలోని కేంద్ర కార్మిక సంస్థలోను, చెన్నై మొదలైన నగరములలోని ప్రాంతీయ కార్మిక సంస్థలలోను చదివినవారు ఆ పేరును స్పష్టముగా వ్రాయవలెను. ఇంగ్లండునుండి వచ్చు నెబోష్ సర్టిఫికెటునకు గల్ఫు దేశములలో మంచి గౌరవమున్నది. దానిని తప్పక వ్రాయవచ్చును. కాని మన రాష్ట్రములలో చట్టబద్ధమైన పదవికి రాష్ట్ర ప్రభుత్వము గుర్తించిన డిప్లొమాకు అది బదులు కాదని తెలిసికొని, వేలకొలది రూపాయలు వ్యయము చేయుటకు ముందే ఆలోచింపవలెను.

రెండవది, చేసిన పని. ప్రతి పనికిని మూడు సంగతులు చెప్పిన చాలును: అపాయమేమి, తాను చేసినదేమి, తరువాత మారినదేమి. భద్రతా సంస్కృతిని పెంపొందించుటలో విశేషానుభవము కలదను వాక్యము ఎవరైనను వ్రాయగలరు. ఈనాడు మనిషి కూడ అక్కరలేదు, కంప్యూటరే క్షణములో వ్రాసి ఇచ్చుచున్నది. పది దరఖాస్తులలో అదే వాక్యము చదివిన అధికారి పదునొకండవదానిని చదువడు. హోసూరు యువకుని కాగితమున మేము చేర్పించిన వాక్యముల భావమిది: "గాలిని కొలవకుండ మురుగు తొట్టెలోనికి మనుష్యులను దింపుచుండగా పని నిలిపితిని. కొలత, గాలిసరఫరా, పైన కాపలా ఏర్పడిన తరువాతనే కొనసాగనిచ్చితిని. నాటినుండి వ్రాతపూర్వకమైన అనుమతిచీటీ లేక ఎవరును తొట్టెలోనికి దిగని పద్ధతి ఏర్పడినది. చీటీలోని ప్రశ్నలను కూలీలకు తమిళ, తెలుగు భాషలలో అడిగి సమాధానము రాబట్టు పనిని నేనే చేయుచుంటిని." ఇందు ఒక్క పెద్దమాటయు లేదు. కాని చదివినవాడు ఈ మనిషిని పిలిచి మాటలాడవలెనని తలచును.

మూడవది, అంకెలు. ఇచ్చట సత్యము చాల జాగ్రత్తగా చెప్పవలెను. ప్రమాదముల రేటును మన దేశపు ప్రమాణము ప్రకారము 10 లక్షల పనిగంటలకు లెక్కింతురు. అమెరికా పద్ధతిలో 2 లక్షల పనిగంటలకు లెక్కింతురు. 5 లక్షల పనిగంటలలో పనిదినము పోగొట్టిన ప్రమాదము ఒక్కటి జరిగినదనుకొందము. మన లెక్కలో రేటు 2, అమెరికా లెక్కలో 0.4. ఏ లెక్కయో చెప్పకుండ 0.4 అని మాత్రము వ్రాసినయెడల అది అబద్ధము కాకపోయినను మోసమునకు దగ్గరగానుండును. అట్లే, "నా కాలమున ఒక్క ప్రమాదమును లేదు" అని గొప్పగా వ్రాయువారు కలరు. తెలిసిన అధికారి దానిని చూచి, ప్రమాదములు జరుగలేదా, లేక పుస్తకములోనికి ఎక్కలేదా అని శంకించును. తృటిలో తప్పిన ప్రమాదములను పనివారు భయపడక చెప్పుకొనునట్లు చేసితిననియు, తొలి సంవత్సరమున అట్టి నివేదికలు ఇన్ని వచ్చినవనియు వ్రాసినచో అది అంతకంటె బలమైన సాక్ష్యము. తన కాలమున నిజముగా ప్రమాదము జరిగియున్నచో దాచరాదు. గాయపడినవారి పేరు చెప్పక, కారణమేమని తేలినదో, దానివలన ఏ మార్పు చేయబడినదో రెండు వాక్యములలో చెప్పవలెను.

తక్కిన ఉద్యోగములకు దరఖాస్తులలో కొంత అతిశయోక్తి చెల్లునని లోకము అనుకొనుచున్నది. అది సరియని మేమనము. కాని ఈ ఉద్యోగమునకు అది ఎంతమాత్రమును తగదు. గుమాస్తా రాని విద్యను వచ్చునన్నచో లెక్క తప్పును, దిద్దుకొనవచ్చును. భద్రతాధికారి రాని విద్యను వచ్చునన్నచో దాని వెల మరియొకడు చెల్లించును. 2020 మే 7వ తేదీన విశాఖపట్టణపు స్టైరీను వాయువు, 2025 మే నెలలో షోలాపురపు తువాళ్ళ కార్ఖానా మంటలు, అదే సంవత్సరము జూన్ 30వ తేదీన పాశమైలారపు ఔషధ కార్ఖానా ప్రేలుడు మనకింకను జ్ఞాపకమున్నవి. పాశమైలారమున మృతులైనవారిలో అనేకులు ఇతర రాష్ట్రములనుండి పొట్టచేతబట్టుకొని వచ్చిన కూలీలు. శ్రీకాకుళము కూలీలు హోసూరునకు పోవుచున్నట్లే ఒడిశా, బీహారు కూలీలు తెలుగు గడ్డకు వచ్చుచున్నారు. ఈనాటి కార్ఖానాలో ఒక్క భాషయే వినబడు దినములు పోయినవి.

ఇక భాషల గడికి వత్తము. ఇది మన కుటుంబములకు ప్రత్యేకముగా చెందిన విషయము. ఇతరులు సంవత్సరములు శ్రమించి నేర్చుకొను రెండు మూడు భాషలు మన పిల్లలకు ఇంటి వాకిట దొరకుచున్నవి. షోలాపురమున మరాఠీ, తెలుగు, బళ్ళారిలో కన్నడము, తెలుగు, రాయగడలో ఒడియా, తెలుగు, హోసూరున మూడు. యానామున మాత్రము తెలుగే జనుల భాష గనుక అచ్చటివారికి కావలసినది ఇతర భాషలను చేర్చుకొనుట. ఈ సంపదను చివరి పంక్తిలో పారవేయక, యోగ్యతల వెంటనే ఒక చిన్న పట్టికగా వ్రాయవలెను. ప్రతి భాషకును మాటలాడుట, చదువుట, వ్రాయుట అని మూడు గడులు. దాని క్రింద, ఏ భాషలో ఎన్ని శిక్షణ తరగతులు చెప్పితిమో, ఏ భాషలో హెచ్చరిక బోర్డులు వ్రాయించితిమో ఒక పంక్తి.

మేమీ పట్టికను గీసి హోసూరు యువకుని యెదుట ఉంచితిమి. తమిళమునకు మూడు గడులును నింపెను. కన్నడమునకు ఒకటి నింపెను. తెలుగునకు మాటలాడుట అను గడి నింపి, కలమెత్తి ఊరకుండెను. "నింపుము" అంటిమి. "మాటలాడుదును గాని చదువలేనండీ" అనెను. అతనికి ముప్పది ఏండ్లు నిండలేదు. తాత తెలుగున పద్దులు వ్రాసెనట, తండ్రి కూడబలుకుకొని చదువునట. ఇతనికి అక్షరములే రావు. తొట్టెలో దిగిన శ్రీకాకుళపు కూలీకి తెలుగు చదువు వచ్చును, తెలుగు బోర్డు వ్రాసి పెట్టుటకు మాత్రము కార్ఖానాలో ఎవరును లేకపోయిరి. ఆ రెండు గడులను ఖాళీగానే విడువుమని మేము చెప్పితిమి. ఎవరును పరీక్షింపరు గదా, నింపిన తప్పేమని ఒక మిత్రుడు ప్రక్కనుండి అనెను. భద్రతోద్యోగపు కాగితము అబద్ధముతో ఆరంభము కారాదని మా సమాధానము. ఆ యువకుడు దానికి ఒప్పుకొనెను. ఖాళీగడులతోనే దరఖాస్తు పంపెను. వారమునకు రెండుమారులు అక్షరములు నేర్చుకొనుటకు వచ్చుచున్నాడు.

ఇందుకు రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. తెలుగు పేరు ముందు పెట్టినచో పరాయివాడని తలతురని కొందరు పెద్దల భయము. ఆ భయమునకు కారణములు వారు తమ జీవితములలో చూచియుందురు, దానిని మేము తేలికచేయము. అందువలననే రాష్ట్రభాషను మొదట, మూడు గడులును నింపి, వ్రాయవలెనని మా సలహా. నిబంధన అడుగునది ఆ ప్రాంతపు అధికసంఖ్యాకుల భాష. అది మన పిల్లలకు పరాయిభాష కాదు, వారు చదివిన భాష. తెలుగు దాని వెంట వచ్చు అదనపు బలము. రెండవ ఆక్షేపణ, కూలీలందరును హిందీ తెలిసికొందురు గదా, తెలుగెందుకని. కూలి పోవునను భయముతో దాచిన మాటను ఎవడైనను తన ఇంటి భాషలోనే చెప్పును. తొట్టె దగ్గర జరిగినదదియే.

మన సంఘముల శాఖలకు మా ప్రార్థన రెండు పనులను గూర్చి. నెలకొక సాయంకాలము యువకుల దరఖాస్తులను చదివి దిద్దుటకు కేటాయింపవలెను. కార్ఖానాలలో పనిచేసి విరమించిన పెద్దలు ప్రతి ఊరను కలరు, వారిని పిలువవలెను. మన ఆడపిల్లలును ఈ చదువునకు పోవుచున్నారు గనుక వారికిని అనుకూలమైన వేళ చూడవలెను. ఇక తెలుగు చదువు తరగతులు నడుపుచున్నచోట బాలశిక్షతో పాటు కార్ఖానా హెచ్చరికలను కూడ పాఠముగా చేర్చవలెను. "యంత్రము ఆగిన పిదపనే చేయి పెట్టుము", "అనుమతిచీటీ లేక లోనికి దిగరాదు", "ఈ మీట ముట్టరాదు, లోపల మనుష్యులున్నారు" అను వాక్యములను చదువ నేర్చినవాడు ఇరువది ఏండ్ల వయసునను సిగ్గుపడడు, పని కనబడుచున్నది గనుక శ్రద్ధగా నేర్చును. జాతీయ భద్రతామండలి 1966 మార్చి 4వ తేదీన ఏర్పడినది గనుక ఆ తేదీని ఏటేట భద్రతా దినముగా జరుపుచున్నారు. రాబోవు మార్చి 4 నాటికి ఒక్కొక్క శాఖ పదిమంది చేతనైనను ఆ పట్టికలో తెలుగునకు చెందిన మూడు గడులను నిజముగా నింపింపగలిగిన మేము సంతోషింతుము. ఆ పదిమంది పేర్లను మాకు పంపినచో ఈ పత్రికయందు ప్రకటింతుము.